విండిర్ రెండో ఆల్బమ్ ‘ఆర్న్‌టోర్’: సొంతూరి యాసలో అరిస్తే ఎవరికర్థమవుతుంది?

#1 మహేంద్రతనయ (పర్లాకిమిడి), శనివారం రాత్రి 10:52

నౌపడాలో గుణుపురం బండెక్కి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. పర్లాకిమిడి వచ్చేసరికి ఏడు పాటలూ అయిపోయి మొదటిది మళ్ళీ మొదలైంది. ఎదర కూర్చున్న ముసలాయన మోకాలు తట్టి “బాబూ, ఊరొచ్చింది, దిగవా” అనకపోతే కాశీనగర్ దాకా పోయేవాణ్ణి.

ఆల్బమ్ పేరు ‘ఆర్న్‌టోర్’. నార్వే బ్యాండు విండిర్ 1999లో వేసిన రెండోది. మెలోడిక్ బ్లాక్ మెటల్ (వేగమైన గిటార్లు, గొంతు చించుకునే అరుపులు, వాటి మధ్యే వినసొంపైన వరసలు) వినేవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది, నేనే ఆలస్యం. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సోగ్న్‌డాల్ అని పడమటి నార్వేలో సోగ్నెఫ్యోర్డ్ పక్కన చిన్న ఊరు. కొండల మధ్యకి సముద్రం 200 కిలోమీటర్లు దూసుకొచ్చిన చోటు అది. ఆ ఊరి కుర్రాడు వాల్‌ఫార్ 1994 ప్రాంతంలో ఒక్కడే మొదలెట్టిన బ్యాండు ఇది. మొదటి ఆల్బమ్‌కి (1997) ఊరి పాత పేరే పెట్టేశాడు, ‘సోక్నర్‌దల్ర్’ అని. రెండోదానికి ఆ ప్రాంతపు పాతకాలపు వీరుడి పేరు. విండిర్ అంటే ఆదిమ యోధుడని వాళ్ళే చెప్పుకున్న అర్థం.

బ్లాక్ మెటల్ అనగానే గుర్తొచ్చే సైతానూ లేడు, చర్చిలు తగలెట్టడమూ లేదు. అంతా ఊరి కథలే: రాజు సమాధి దిబ్బ, నల్ల కమ్మరి, చిత్తడినేలలో ఉండే రాక్షసి. గిటార్లు బ్లాక్ మెటల్ వేగంలోనే పోతుంటాయి, కానీ ఆ రిఫ్‌ని (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు వరసని) నోటితో కూనిరాగం తీస్తే జానపదం అయి కూర్చుంటుంది. మధ్యలో అకార్డియన్. దాన్నీ వాల్‌ఫారే వాయించాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకొకటి. అతను పాడింది పుస్తకాల నార్వేజియన్‌లో కాదు, ఇంగ్లీషులో అసలే కాదు. సోగ్న్ యాసలో. ఓస్లో వాడికే సగం అర్థం కాని మాటలో.

నా ప్రశ్న ఇదే. మనం ఆరేళ్ళుగా ఈ వేదికలో మెటల్ గురించి తెలుగులో కొట్టుకుంటున్నాం. పాట రాద్దామంటే మాత్రం అందరం ఇంగ్లీషుకి పోతాం. ఎందుకు?

#2 నల్ల_ఇసుక (గోపాల్‌పూర్), శనివారం రాత్రి 11:20

రెండో ఆల్బమ్ అన్న మాట ఎత్తావు కాబట్టి చెప్తున్నా. మెలోడిక్ బ్లాక్ మెటల్‌లో రెండో ఆల్బమ్ అంటే ఒక్కటే: డిసెక్షన్ బ్యాండుది, ‘స్టార్మ్ ఆఫ్ ది లైట్స్ బేన్’, 1995 నవంబరు. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎనిమిది ట్రాకులు. ముందు మాటల్లేని నాంది, చివర పియానో, మధ్యలో ఆరు పాటలు. ఒక్క రిఫ్ కూడా తీసి పక్కన పెట్టలేం. డాన్ స్వానో రికార్డు చేశాడు. రెండు గిటార్లూ వేరువేరుగా వినబడతాయి, ఒకటి పైకి పోతుంటే రెండోది కిందికి దిగుతుంది. ఇక అట్ట సంగతి, నెక్రోలార్డ్ బొమ్మ: మంచులో గుర్రం మీద మృత్యువు. ఆ నీలం చూస్తేనే చలేస్తుంది. మా గోపాల్‌పూర్‌లో మే నెలలో, కరెంటు పోయినప్పుడు కూడా.

వాళ్ళు ఇంగ్లీషులోనే పాడారు. ఏం తక్కువైంది?

ఇంకో సంగతి. వాళ్ళ ఊరు స్ట్రొమ్‌స్టాద్, స్వీడన్‌లో నార్వే సరిహద్దు పక్కనే. మనలాగే హద్దు మీద బతికినవాళ్ళు. మరి వాళ్ళకి యాస గోల రాలేదే.

#3 సిల్కు_నేత (బరంపురం), ఆదివారం ఉదయం 7:05

ఇద్దరికీ దండం. నాకు ‘ఆర్న్‌టోర్’తో ఒకటే పేచీ, సౌండు. కీబోర్డు ముందుకొచ్చి కూర్చుంటుంది, గిటారు దాని వెనక నిలబడి తొంగి చూస్తుంది. డ్రమ్ములు గోనెసంచి మీద కొట్టినట్టుంటాయి. పాటలు గొప్పవే, ఒప్పుకుంటాను. కానీ నేత బాగుండి రంగు దిగిపోయే చీర ఎవరికి అమ్ముతాం?

డిసెక్షన్‌తో పోల్చడం కూడా అన్యాయమే అనుకోండి. అది పేరున్న స్టూడియో, వెనక పెద్ద కంపెనీ. ఇది హెడ్ నాట్ ఫౌండ్ అనే చిన్న లేబులు.

#4 మహేంద్రతనయ, ఆదివారం ఉదయం 8:31

సిల్కు అన్నా, ఎందులో విన్నావు? ఫోను స్పీకర్లో వింటే కీబోర్డే వినబడుతుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ‘కాంపెన్’ (యుద్ధం అని అర్థం) వచ్చినప్పుడు గ్రహించాను. కీబోర్డూ గిటారూ ఒకే వరస వాయిస్తున్నాయి. గిటారు ఆ స్వరాన్ని ముక్కలు ముక్కలుగా, సెకనుకి ఇన్నని మీటుతుంటే, కీబోర్డు అదే స్వరాన్ని సాగదీసి పట్టుకుంటుంది. నాదస్వరం పక్కన శ్రుతి పట్టేవాడు ఉంటాడు చూడు, ఆయన కూడా వరసే వాయిస్తే ఎలా ఉంటుంది? అలాగన్నమాట. వెనక్కి తగ్గడం కాదది, ఒకదాని మీద ఒకటి పరచడం.

డ్రమ్ముల విషయంలో నీ మాటే రైటు. గోనెసంచే.

ఇసుక అన్నా, డిసెక్షన్ నాకు ప్రాణం, దాన్ని తగ్గించను. రెండో ఆల్బమ్ మహిమ ఏదో ఉన్నట్టే ఉంది. 1995లో వీళ్ళు, 1997లో ఎంపరర్, 1998లో నాగ్ల్‌ఫార్, 1999లో విండిర్. మొదటి ఆల్బమ్‌లో ఎవరినో చూసి నేర్చుకుంటారు, మూడోది వచ్చేసరికి తమనే చూసుకుంటారు. మధ్యలోదే అసలు సరుకు.

#5 బెంజో_బాబ్జీ (బరంపురం), ఆదివారం మధ్యాహ్నం 2:14

ఏటనుకోవద్దు, నానీ వేదికకి కొత్త. మా తమ్ముడు ఈ లింకు పంపేడు. నానైతే పెళ్ళి బేండులో బెంజో వాయిస్తాను, పద్దెనిమిదేళ్ళనుంచి.

మీరు సెప్పిన పాట ఇనేను. మొదట ఏటీ గోల అనుకున్నాను. మా ఆడది “టీవీలో దెయ్యం దూరిందేటి” అనీసింది. రెండోసారి ఇన్నప్పుడు నవ్వొచ్చింది. ఎందుకంటే అది మా వాయింపే. బెంజో మీద మెట్టు నొక్కి పట్టి కుడిచేత్తో తురతురతురమని మీటుతాం కదా, ఆపకుండా. ఆపితే సప్పుడు సచ్చిపోద్ది, అందుకే ఆపం. ఈళ్ళూ గిటారు మీద అదే సేత్తన్నారు. ఎనకాల తాసా కొట్టేవోడు కూడా మావోడి లాగే ఒళ్ళు మర్సిపోయి కొడతన్నాడు.

ఒక్కటే తేడా. మాం ఊరేగింపులో ఒక పాట అయిదు నిమిషాలు దాటనీం, పెళ్ళికొడుకు మావగారు తిడతాడు.

#6 నల్ల_ఇసుక, ఆదివారం మధ్యాహ్నం 2:40

బాబ్జీ అన్నా, ఈ వేదికలో ఇప్పటిదాకా ట్రెమొలో పికింగ్‌ని ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. ఇది నిజంగా అంటున్నా.

#7 కొరాపుట్_కాఫీ (జయపురం), ఆదివారం సాయంత్రం 6:18

భాష గురించి ఒక అనుమానం. ఈ సంగీతంలో గొంతు చించుకుని అరుస్తారు. ఇంగ్లీషైనా, స్వీడిష్ అయినా, తెలుగైనా, సాహిత్యం కాగితం మీద చూస్తే తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. అలాంటప్పుడు యాసలో పాడాడా, గ్రంథాల భాషలో పాడాడా అన్నది వినేవాడికి ఎలా తెలుస్తుంది? అది పాడేవాడి మనసులో ఉండే గర్వం, అంతే. వినేవాడికి అందేది కాదు.

నేను పదేళ్ళుగా గొంతు సాధన చేస్తున్నాను. అర్థం ముఖ్యమైతే హరికథ చెప్పుకోవాలి.

#8 పాత_వాచకం (పర్లాకిమిడి), ఆదివారం రాత్రి 8:55

నమస్కారం. నేను ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ సంగీతం వినలేదు, వినే ఓపికా లేదు. మా మనవడు ఈ చర్చ చూపించి “తాతా, మీ గిడుగువారి గొడవే ఇది” అన్నాడు. చదివాను. నిజమే.

‘ఓస్లో వాడికే సగం అర్థం కాని మాట’ అని మహేంద్రతనయ రాశారు. గిడుగు రామమూర్తిగారు మన పర్లాకిమిడిలోనే బడిపంతులుగా చేరి, ఇక్కడే దశాబ్దాల పాటు ఉండి ఇదే మాట మీద పోట్లాడారు. నోట్లో ఉన్న మాట కాగితం మీదికి రావాలన్నారు. అప్పటి పండితులు గ్రామ్యం అన్నారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. ఆ రోజు ఉపన్యాసాలన్నీ గ్రాంథికంలో సాగుతాయి, అది వేరే సంగతి.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వచ్చినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి డెబ్బై దాటాయి. మరో నాలుగేళ్ళకే పోయారు.

నార్వేలో ఇలాంటివారు ఎవరైనా ఉన్నారా? తెలిసినవారు చెప్పండి.

#9 మహేంద్రతనయ, ఆదివారం రాత్రి 9:40

మాస్టారూ, మీరు ఈ వేదికలోకి రావడమే మాకు పండగ. నార్వేలో అలాంటాయన ఉన్నాడు. ఈవర్ ఆసెన్. 1813లో పుట్టిన రైతుబిడ్డ.

నార్వే సుమారు నాలుగొందల ఏళ్ళు డెన్మార్క్ కింద ఉంది. 1814లో ఆ బంధం తెగినా రాసేది డేనిష్‌లోనే. నోట్లో ఒకటి, కాగితం మీద ఒకటి. ఆసెన్ 1842 నుంచి నాలుగేళ్ళు ఊరూరా తిరిగి యాసలు ఏరాడు. 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు తెచ్చాడు. ఆ యాసల్ని కలిపి కట్టిన రాతభాషకే ఇప్పుడు నీనోర్స్క్ అని పేరు. 1885లో వాళ్ళ పార్లమెంటు దానికి సమాన హోదా ఇచ్చింది. సోగ్న్ ప్రాంతంలో బళ్ళో రాసేది అదే.

వాల్‌ఫార్ ఇంకో మెట్టు దిగాడు. నీనోర్స్క్ కూడా కాగితం భాషే కదా అని, తన లోయలో మాట్లాడే మాటనే నేరుగా పాటలో పెట్టాడు.

#10 వంశధార_ఒడ్డు (గుణుపురం), ఆదివారం రాత్రి 10:26

అందరూ బాగానే చెప్తున్నారు గానీ ఒకటి మరిచిపోతున్నారు. ‘మన మాట’ అని గుండె మీద చెయ్యేసుకునేటప్పుడు, గుణుపురం కొండల్లో మన మాట కంటే ముందు ఉన్న మాట సవర అని గుర్తుండాలి. గిడుగువారు తెలుగు కోసం ఎంత చేశారో సవర కోసమూ అంత చేశారు. ఇంటికి సవరలని పిలిచి నేర్చుకున్నారు. సవర మాన్యువల్ 1931లో అచ్చయింది.

మాస్టారు 1936 అన్నారు కదా. అదే 1936లో ఇక్కడ మంగై గొమాంగో సవర భాషకి సొరంగ్ సొంపెంగ్ అని సొంత లిపి తయారుచేశాడు. ఒకే ఏడాది, ఒకే కొండల కింద, ఒకాయన ఊరొదిలి పోతే ఇంకొకాయన అక్షరాలు గీసుకున్నాడు. నాకు ఆల్బమ్ ఐడియా ఇక్కడ కనబడుతోంది. మీకు కనబడకపోతే నేను చెప్పలేను.

మా ఊళ్ళో సంత రోజున ఒక కొట్టు ముందు నాలుగు భాషలు వినబడతాయి. బేరం ఆడేటప్పుడు అందరిదీ ఒకటే భాష.

#11 నల్ల_ఇసుక, సోమవారం ఉదయం 6:50

చర్చ ఎక్కడినుంచి ఎక్కడికి పోయింది. నార్వే నుంచి సంతకి. నేను అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు. డిసెక్షన్ ఇంగ్లీషులో పాడి అంత చలి పుట్టించగలిగితే యాస దేనికి?

#12 రాయగడ_రాత్రి (రాయగడ), సోమవారం ఉదయం 9:12

ఇసుకా, నువ్వు డిసెక్షన్ అన్న ప్రతిసారీ నాకొకటి గుర్తొస్తుంది, ఇవాళ అనేస్తున్నా. 1997లో గోథెన్‌బర్గ్‌లో జరిగిన హత్య కేసులో ఆ బ్యాండు నాయకుడికి శిక్ష పడింది. 2004లో బయటికొచ్చాడు, 2006లో మూడో ఆల్బమ్ వేశాడు, అదే ఏడాది తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆ అట్ట మీది గుర్రం బొమ్మని టీషర్టు వేసుకుని తిరిగేవాళ్ళకి ఆ హత్యలో చనిపోయినతని పేరు తెలుసా? నేనూ ఆ ఆల్బమ్ వింటాను. కానీ ‘ప్రాణం’, ‘దైవం’ లాంటి మాటలు వాడను.

#13 నల్ల_ఇసుక, సోమవారం ఉదయం 9:30

‘ప్రాణం’ అన్నది నేను కాదు, మహేంద్రతనయ. కానీ నీ మాట కాదనను. పాట వేరు, మనిషి వేరు అని తప్పించుకునే వయసు దాటిపోయింది. వింటాను, విన్నాక కాసేపు బాగోదు. అంతే చెప్పగలను.

#14 వేదిక_పెద్ద (నిర్వాహకుడు), సోమవారం ఉదయం 9:48

దీనికి విడిగా చర్చ ఒకటి ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ ‘ఆర్న్‌టోర్’ నడవనివ్వండి. బాబ్జీగారూ, మీ బెంజో సంగతి చెప్పండి, నాతో సహా చాలామంది అందుకే చూస్తున్నారు.

#15 బెంజో_బాబ్జీ, సోమవారం రాత్రి 11:35

సెప్తాను. ఈ రోజు ముహూర్తాలు లేవు, ఇంట్లోనే ఉన్నాను. రెండో పాట ఉంది సూడండి, ఆల్బమ్ పేరూ దాని పేరూ ఒకటే, దాని వరస పట్టేను.

మొదట కుదర్లేదు. ఎందుకంటే బెంజోకి పక్కన శ్రుతి తీగలుంటాయి, మెట్లు లేనివి. మీటినప్పుడల్లా అవీ మోగుతాయి. పెళ్ళి పాటకి అది అందం. దీనికి మాత్రం వరస మారినప్పుడల్లా శ్రుతితో దెబ్బలాటే. అప్పుడు సైకిలు ట్యూబు ముక్క కోసి ఆ తీగల కింద కుక్కేను. నోరు మూసుకున్నాయి. అప్పుడొచ్చింది సూడండి! మా సిన్న గుంటడు పుస్తకం ఒగ్గేసి వచ్చి నిలబడ్డాడు.

ఇంకొకటి. ఆయనకి అకార్డియన్ ఉందన్నారు కదా, దానికి మన హార్మోనియం సరిపోద్ది. మా బావ ప్రహ్లాద నాటకంలో హార్మోనియం వాయిస్తాడు. గంజాం నాటకాలంటే తెల్లారిందాకా ఆడతారు. వేగం, అరుపులు, కత్తులు, రాజులు, అన్నీ అందులో ఉన్నాయి. హిరణ్యకశిపుడు మెట్ల మంచె మీదనుంచి అరిసేడంటే మీ నార్వేవోళ్ళు పక్కకి తప్పుకోవాలి. అందులో ఒడియా పాటా ఉంటది, తెలుగు పాటా ఉంటది. సూసేవోళ్ళెవరూ ఇదేం బాస అని అడగరు.

#16 సిల్కు_నేత, మంగళవారం ఉదయం 7:20

బాబ్జీ చెప్పాక నాకూ గుర్తొచ్చింది. నార్వే బ్లాక్ మెటల్ వాళ్ళు మొహానికి తెలుపూ నలుపూ పూసుకుంటారని మనం నోరు తెరుచుకుని చూస్తాం. రెండేళ్ళకోసారి మా బరంపురంలో ఠాకురాణి జాతర జరుగుతుంది. మా దేరా వీధి సాలీలదే మొదటి పెత్తనం, దేశిబెహరా (మా కులపెద్ద) ఇంటినుంచే అంతా మొదలవుతుంది. మొక్కున్నవాళ్ళు వేషం కడతారు. చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని పులి వేషం చూపించాడు. ఆ పసుపు రంగులో కలిపిన వార్నీషు వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. నేను ఏ మెటల్ కచేరీలోనూ అంత భయపడలేదు.

సౌండు గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు. మంచి హెడ్‌ఫోన్లు అడిగి తెచ్చుకుని మళ్ళీ విన్నాను. గిటారు వినబడింది. డ్రమ్ములు గోనెసంచే.

#17 రాయగడ_రాత్రి, మంగళవారం మధ్యాహ్నం 1:02

వాల్‌ఫార్ ఎలా పోయాడో ఎవరూ రాయలేదు. 2004 జనవరి. సోగ్న్‌డాల్ దగ్గర కొండ మీద వాళ్ళ కుటుంబానికి ఒక చిన్న కుటీరం ఉంది, ఫాగెరెగ్గి అనే చోట. అక్కడికని ఒక్కడే నడిచి బయల్దేరాడు. మంచుతుపాను పట్టుకుంది. చేరలేదు. మూడు రోజులకి దొరికాడు. వయసు పాతికేళ్ళు. తన కొండలో, పాటల్లో రాసుకున్న లోయలోనే.

అప్పటికి నాలుగు ఆల్బమ్‌లు. మూడోదాని పేరు ‘1184’. వాళ్ళ లోయ పక్కనే ఫిమ్‌రైటె యుద్ధం జరిగిన ఏడాది అది, మాగ్నుస్ రాజు స్వెర్రె రాజు చేతిలో ఓడి చనిపోయిన యుద్ధం. సోగ్న్‌డాల్ వాళ్ళు ఓడినవాడి వైపు. ఓడిన ఊరి కథ ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత ఒక కుర్రాడు ఎత్తుకున్నాడు. అతను పోయాక మిగిలినవాళ్ళు విండిర్ పేరు ఇంక వాడలేదు. వ్రైద్ అని వేరే బ్యాండు కట్టుకున్నారు.

‘ఆర్న్‌టోర్’లో ఆరో పాట ‘సాక్నెట్’. లోటు, ఎడబాటు అని అర్థం. అది ఇప్పుడు వింటే అతని కోసమే రాసినట్టుంటుంది. అప్పటికి అతనికి ఇరవయ్యో ఇరవయ్యొకటో.

#18 మహేంద్రతనయ, మంగళవారం రాత్రి 10:15

రాత్రి అన్నా రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేదు. మనకీ ఒక తుపాను ఉంది కదా అనిపించింది.

2018 అక్టోబరు, తిత్లీ. పలాస దగ్గర తీరం దాటింది, మా గజపతి జిల్లా కొండల్లో మొత్తం కుమ్మరించింది. చరియలు విరిగి ఊళ్ళ మీద పడ్డాయి. మా అమ్మమ్మ ఊళ్ళో రేకులన్నీ ఎగిరిపోయి, తెల్లారి చూస్తే పొలంలో గాలిపటాల్లా గుచ్చుకుని ఉన్నాయి. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఒకటే మాట రోజంతా అంది. ఆ మాటలతోనే మొదటి రెండు లైన్లు రాశాను:

గాలెల్లిపోనాది, సడెల్లిపోలేదు
కప్పెల్లిపోనాది, గోడుండిపోనాది

ఇసుక అన్నా, నీకూ ఫైలిన్ ఉంది. 2013లో మీ గోపాల్‌పూర్ మీదే కదా దిగింది. తిట్టకుండా చదువు.

#19 కొరాపుట్_కాఫీ, బుధవారం తెల్లవారుజాము 1:40

నిద్ర పట్టక ఈ రెండు లైన్లూ మేడ మీదికెళ్ళి అరిచి చూశాను. కింద కుక్కలు అందుకున్నాయి, అది పక్కన పెడితే, ఒకటి కనిపెట్టాను. మొన్న నేనన్న మాట తప్పు.

పోల్చి చూడాలని ముందు పుస్తకం తెలుగులో అరిచాను: ‘గాలి వెళ్ళిపోయింది’. చివర ‘యింది’ దగ్గర దవడ మూసుకుపోతుంది, నాలుక పైకి లేస్తుంది, గాలి ఆగిపోతుంది. అరుపు పిల్లికూతగా ముగుస్తుంది. తర్వాత ‘గాలెల్లిపోనాది’ అరిచాను. ‘పో’ దగ్గర గొంతు తెరుచుకుంటుంది, ‘నా’ దగ్గర నోరు పూర్తిగా తెరుచుకుంటుంది, ఆ ‘నా’ని ఎంతసేపు కావాలంటే అంతసేపు పట్టుకోవచ్చు. ‘ది’ని చివర అలా రాల్చేస్తే చాలు. మొదట్లో ఉన్న ‘వె’ కూడా పోయింది కాబట్టి ఎత్తుకోవడం తేలిక. నాలుగు పాదాల్లో మూడు ‘నాది’తోనే ఆగుతాయి, డ్రమ్ము దెబ్బ అక్కడే పడుతుంది.

అర్థం వినేవాడికి అందుతుందా లేదా అని అడిగాను కదా. అందకపోవచ్చు. కానీ ఆ మాట పట్టే ఆకారం గొంతులో వేరు. వాల్‌ఫార్ సోగ్న్ యాసని గర్వం కోసం ఎంచుకున్నాడనుకున్నాను. వాడి నోటికి అలవాటైన అచ్చులు అవి, అరిచేటప్పుడు నోరు తనంతట తనే అటు పోతుంది. ఇంగ్లీషులో అరిచినప్పుడు పదేళ్ళుగా నేను పడిన కష్టం సగం ‘ద’కీ ‘థ’కీ మధ్యే పోయింది.

#20 పాత_వాచకం, బుధవారం ఉదయం 6:30

కొరాపుట్ అబ్బాయికి ఆశీస్సులు. రాత్రి ఒంటిగంటకి మేడెక్కి క్రియాపదాన్ని పరీక్షించినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

ఒక సవరణ. ‘సడెల్లిపోలేదు’ మన నోట్లో అలా రాదు. ‘సడి పోనేదు’ అంటాం. మా అమ్మ ‘నేదు’ అనేది, ‘లేదు’ అనేది కాదు. నేను బడికెళ్ళి ‘లేదు’ నేర్చుకొచ్చి ఇంట్లో ఆవిణ్ణి సరిదిద్దేవాణ్ణి. ఇప్పుడు మీ పాటలో నన్ను నేను సరిదిద్దుకుంటున్నాను.

#21 నల్ల_ఇసుక, బుధవారం ఉదయం 8:44

చదివాను. తిట్టను.

ఫైలిన్ రాత్రి మేం బరంపురంలో చుట్టాలింట్లో ఉన్నాం, ముందే ఖాళీ చేయించారు. తిరిగొచ్చేసరికి వాకిట్లో సరుగుడు చెట్టు అడ్డంగా పడి ఉంది, దాని మీద సముద్రపు ఇసుక జానెడు. మా నాన్న దాన్ని చూసి ఏదో అన్నాడు. ఒడియాలో అన్నాడో తెలుగులో అన్నాడో కూడా గుర్తులేదు, మా ఇంట్లో రెండూ కలిసే ఉంటాయి. రెండో చరణానికి అది కావాలంటే నాన్ననే అడిగి రాస్తాను.

డిసెక్షన్ ఆల్బమే గొప్పది. ఆ మాట వెనక్కి తీసుకోను.

#22 వంశధార_ఒడ్డు, బుధవారం ఉదయం 9:15

మూడో చరణం సవరలో. నేను రాయను, నాకు రాదు. రాసే మనిషి మా వీధిలో ఉన్నాడు, గిటారు కూడా వాయిస్తాడు. అడుగుతాను. ఒప్పుకుంటే పేరు ముందు అతనిది ఉండాలి.

#23 బెంజో_బాబ్జీ, బుధవారం రాత్రి 11:58

వరస కట్టీసేను. ఫోన్లో రికార్డు సేసి తమ్ముడి చేత పెట్టిస్తాను, మా వీధిలో ఆటో సప్పుడు కూడా పడింది, ఏటనుకోవద్దు. కాఫీ బాబూ, నువ్వు ‘నాది’ దగ్గర ఎంతసేపు పట్టగలవో సెప్పు, నాను అంతసేపూ మీటాల.

వచ్చే ఆదివారం ముహూర్తం లేదు. అందరూ బరంపురం రండి, మా బావ హార్మోనియం తెస్తాడు. పర్లాకిమిడినుంచి వచ్చేవోళ్ళు ఎవరైనా రెండో నంబరు తీగ దొరికితే రెండు చుట్టలు పట్టుకు రండి. ఇక్కడ కొట్టోడి దగ్గర అయిపోయేయట. నాది నిన్న ఆ ‘ఎల్లిపోనాది’ దగ్గరే తెగింది.